ఘోస్ట్ రైటింగ్: పేరు లేని రచన, జీవనోపాధి

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:

- ఘోస్ట్ రైటర్‌కూ, లేఖకుడికీ, కలం పేరుతో రాసే రచయితకూ, సంపాదకుడికీ మధ్య ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
- ఒకరి జీవితకథను వారి పేరుతో రాయడంలో ఉండే దశలను గుర్తించి, దానికి పట్టే శ్రమను లెక్కగట్టగలుగుతారు.
- కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఇటువంటి రచనపై ఎవరికి ఏ హక్కు ఉంటుందో చెప్పగలుగుతారు.
- ఒప్పుకోదగిన పనికీ, ఒప్పుకోకూడని పనికీ మధ్య గీత ఎక్కడుందో నిర్ణయించుకోగలుగుతారు.

7.1 ప్రవేశిక

తెలుగు ప్రధానాంశంగా డిగ్రీ చేసినవారికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: బోధన, పత్రికారంగం, అనువాదం. నాలుగో దారి ఒకటి ఉంది. దానికి ఉద్యోగ ప్రకటనలు పడవు. చెప్పడానికి పెద్ద జీవితం ఉండీ రాయడం రానివారు, రాయడం వచ్చినా తీరిక లేనివారు సమాజంలో చాలామంది ఉన్నారు. రుసుము తీసుకొని, వారి మాటలను వారి పేరుతోనే రాసిపెట్టడం ఆ నాలుగో దారి. దీన్నే ఘోస్ట్ రైటింగ్ అంటున్నాం. తెలుగులో అజ్ఞాత రచన, పరోక్ష రచన అనే మాటలు వాడుకలో ఉన్నా, ఏదీ ఇంకా స్థిరపడలేదు. అందుచేత ఈ భాగంలో ఇంగ్లీషు మాటనే వాడుతున్నాం.

ఈ పనిలో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, రాసినవారు మోసపోవడం. నెలల తరబడి శ్రమించి, చివరి వాయిదా అందక, అడగడానికి చేతిలో కాగితం ముక్క కూడా లేక మిగిలిపోయేవారున్నారు. రెండోది, రాసినవారే మరొక మోసానికి చేయూతనివ్వడం. మీలో కొందరు ఇప్పటికే ఎవరికో ప్రసంగమో, అభినందన సంచిక వ్యాసమో రాసిచ్చి ఉంటారు. ఆ పనినే వృత్తిగా చేపట్టేవారు ఈ రెండు ప్రమాదాల గురించీ ముందుగా తెలుసుకోవాలి.

7.2 నిర్వచనం, సన్నిహిత పదాలు

ఒకరి పేరుతో వెలువడే రచనను, వారి సమ్మతితో, ప్రతిఫలం తీసుకొని మరొకరు రాయడం ఘోస్ట్ రైటింగ్. ఈ నిర్వచనంలో మూడు అంశాలున్నాయి: పేరు ఒకరిది, వాక్యం మరొకరిది, ఈ ఏర్పాటు ఇద్దరికీ ముందే తెలుసు. మూడింటిలో ఏది లోపించినా అది వేరే పని అవుతుంది.

లేఖకుడు: చెప్పినది చెప్పినట్టు రాసేవాడు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు భారతం రాశాడన్న ఐతిహ్యం మనకు తెలిసినదే. విశ్వనాథ సత్యనారాయణ తమ నవలలను చాలావరకు ఆశువుగా చెబుతూ ఇతరుల చేత రాయించారు. అక్కడ వాక్యం విశ్వనాథది, చేతిరాత మాత్రమే ఇతరులది. రాసిపెట్టినవారు ఘోస్ట్ రైటర్లు కారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల వద్ద కనిపించే దస్తావేజు లేఖరి స్థానం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. విషయం కక్షిదారుది, భాష లేఖరిది. అయితే ఆయన పేరు దస్తావేజు చివర ఉంటుంది కాబట్టి ఆయన అజ్ఞాతుడు కాడు.

కలం పేరు: ఇక్కడ రాసేది ఒకరే, మారేది పేరు మాత్రమే. పురాణం సుబ్రహ్మణ్య శర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ శీర్షికను పురాణం సీత పేరుతో నడిపారు. రచన, హక్కు, ప్రతిఫలం అన్నీ ఆయనవే.

సంపాదకుడు: రచయిత రాసి తెచ్చిన ప్రతిని సరిదిద్దుతాడు. ఘోస్ట్ రైటర్ దగ్గరకు వచ్చేటప్పటికి ప్రతి ఉండదు. జ్ఞాపకాలు, పాత ఉత్తరాలు, ఫొటోలు, కొన్ని తేదీలు మాత్రమే ఉంటాయి.

సహరచయిత: ఇద్దరి పేర్లూ ముఖచిత్రం మీద ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో పేరు పొందిన ఘోస్ట్ రైటర్లు క్రమంగా ఈ స్థానానికి చేరుతుంటారు.

7.3 చరిత్రలో కొన్ని ఉదాహరణలు

పేరు ఒకరిది, రచన మరొకరిది కావచ్చునన్న అనుమానం మన సాహిత్య చరిత్రకు కొత్త కాదు. ‘ఆముక్తమాల్యద’ను శ్రీకృష్ణదేవరాయలు రాయలేదనీ, అల్లసాని పెద్దన రాసిపెట్టాడనీ ఒక వాదం వచ్చింది. ఆ కావ్యంలోను, ‘మనుచరిత్ర’లోను కొన్ని పద్యాలు ఉమ్మడిగా కనిపించడం ఆ వాదానికి ఊతమిచ్చింది. రెండు కావ్యాల శైలి పూర్తిగా వేరని చూపి అధిక సంఖ్యాకులైన పండితులు దాన్ని తోసిపుచ్చారు. మనకు ఉపయోగపడే పాఠం ఏమిటంటే, కర్తృత్వాన్ని తేల్చడానికి చివరికి ఆధారమయ్యేది శైలి. మంచి ఘోస్ట్ రైటర్ తన శైలిని పక్కన పెట్టగలగాలి అనడానికి కారణం కూడా అదే.

ఫ్రాన్స్‌లో అలెగ్జాండర్ డ్యూమా నవలలకు, ‘త్రీ మస్కెటీర్స్’తో సహా, ఆగస్ట్ మాకే సహకరించాడు. ముఖచిత్రం మీద మాత్రం డ్యూమా పేరొక్కటే ఉండేది. రావలసిన డబ్బు రాక మాకే కోర్టుకు వెళ్లాడు. 1858లో కోర్టు అతనికి డబ్బు ఇప్పించింది గాని, సహరచయితగా గుర్తించలేదు.

అమెరికాలో 1930లో మొదలైన ‘నాన్సీ డ్రూ’ బాలల నవలలు కెరోలిన్ కీన్ పేరుతో వచ్చాయి. ఆ పేరు గల మనిషి లేదు. స్ట్రాటెమేయర్ సిండికేట్ అనే సంస్థ కథాసూత్రం ఇస్తే, రచయితలు నవల రాసేవారు. మొదటి 30 నవలల్లో 23 మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్ రాసినవే. తొలి నవలలకు ఆమెకు ముట్టింది ఒక్కొక్కదానికి 125 డాలర్లు. హక్కులన్నీ సంస్థవే. పుస్తకాలు కోట్ల ప్రతులు అమ్ముడుపోయినా ఆమెకు రాయల్టీ లేదు. 1980లో ప్రచురణకర్తల మధ్య నడిచిన వ్యాజ్యంలో సాక్ష్యం చెప్పినప్పుడు గాని ఆమె పాత్ర లోకానికి తెలియలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ టెన్నిస్ క్రీడాకారుడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’ (2009). దాన్ని రాయడంలో తోడ్పడిన జె.ఆర్. మోరింగర్ తన పేరు ముఖచిత్రం మీద వద్దన్నాడు. అగస్సీ ఆ పుస్తకంలోనే ఆయనకు కృతజ్ఞత చెప్పుకున్నాడు. 2023లో వచ్చిన ప్రిన్స్ హ్యారీ ఆత్మకథ ‘స్పేర్’ వెనుక ఉన్నదీ మోరింగరే.

మాకే, బెన్సన్, మోరింగర్ ముగ్గురూ చేసింది ఒకే రకమైన పని. మోరింగర్ పేరు వద్దనుకున్నది తన ఇష్టంతో. మిగతా ఇద్దరికీ ఆ అవకాశం లేదు. పుస్తకం రాయకముందే కుదుర్చుకున్న షరతుల వల్ల ఈ తేడా వచ్చింది.

7.4 పని ఇచ్చేది ఎవరు?

తెలుగు ప్రాంతాల్లో ఈ పని ప్రధానంగా నాలుగు వర్గాల నుంచి వస్తుంది. మొదటిది, పదవీ విరమణ చేసిన అధికారులు, వైద్యులు, వ్యాపారులు. వీరు ఆత్మకథ కోరతారు. రెండోది, రాజకీయ నాయకులు, సంస్థల అధిపతులు. వీరికి ప్రసంగాలు, పత్రికా వ్యాసాలు కావాలి. మూడోది, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల జీవితాన్ని మనవల కోసం పుస్తకంగా తెప్పించుకోవాలన్న కోరిక వీరిలో కనిపిస్తుంది. నాలుగోది, సినిమా, టెలివిజన్ రంగం. అక్కడ ఘోస్ట్ అనే మాట అందరికీ పరిచితమే. సన్నివేశాలు, సంభాషణలు రాసి, తెరపై పేరు పడని సహాయకులను అలా పిలుస్తారు.

ఈ పని ఎక్కువగా నోటిమాట సిఫారసు మీద వస్తుంది. చేసిన పనిని ఇది నాదని చూపలేకపోవడం ఈ వృత్తిలోని చిక్కు. కాబట్టి మీ పేరుతో రాసిన కొన్ని జీవనరేఖలు, ఇంటర్వ్యూలు నమూనాగా సిద్ధంగా ఉంచుకోవాలి. మీ ఊరి పాత ఉపాధ్యాయుడి మీద పది పేజీలు రాసి స్థానిక పత్రికలో అచ్చువేయించుకున్నా అది నమూనాగా పనికివస్తుంది.

7.5 పని జరిగే తీరు

ఆత్మకథ రచనలో ఐదు దశలుంటాయి.

(అ) వినడం: ఒక్కో విడత గంటన్నరకు మించకుండా సంభాషణలు జరపాలి. అంతకు మించితే పెద్దవారు అలసిపోతారు, చెప్పిందే చెబుతారు. అనుమతి తీసుకొనే రికార్డు చేయాలి. “మీ బాల్యం గురించి చెప్పండి” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. “మీ ఇంటి వాకిలి ఏ దిక్కుకు ఉండేది? పొద్దున్నే ముందు లేచేది ఎవరు?” అని అడిగితే ఇల్లంతా మాటల్లోకి వస్తుంది.

(ఆ) లిపిబద్ధం చేయడం: ఒక గంట రికార్డింగును రాతలోకి మార్చడానికి సుమారు నాలుగు గంటలు పడుతుందనుకోండి. ఈ పనిని ఇప్పుడు యంత్రాలు కొంత చేస్తున్నాయి. అయినా మాండలికాన్ని, ఊళ్ల పేర్లను, ఇంటిపేర్లను మనిషి సరిచూడక తప్పదు.

(ఇ) సరిచూడటం: జ్ఞాపకం సంవత్సరాలను కలిపేస్తుంది. పెద్దలు కాలాన్ని అంకెల్లో చెప్పరు, సంఘటనలతో చెబుతారు. దివిసీమ ప్రాంతపు మనిషి “ఉప్పెన వచ్చిన ఏడాది” అంటే 1977 అని, ఆ ఉప్పెన నవంబరు 19న వచ్చిందని మీకు తెలిసి ఉండాలి. తెలంగాణలో “పోలీసు యాక్షన్ అప్పుడు” అంటే 1948 సెప్టెంబరు. ఆ తేదీకి ఇటూ అటూ చెప్పిన సంగతులు పొసగకపోతే మర్యాదగా మళ్లీ అడగాలి.

(ఈ) గొంతు పట్టుకోవడం: మాట్లాడేవారు ‘పోయిన’ అంటే ‘వెళ్లితిని’ అని రాయకూడదు. వారి సామెతలు, వాక్యం ముగించే తీరు, కోపం వచ్చినప్పుడు వాడే మాటలు, అసలు వాడని మాటలు ఒక పట్టికగా రాసుకోండి. వరంగల్ జిల్లా రైతు నాయకుడి కథ కృష్ణా జిల్లా ఉపాధ్యాయుడి భాషలో వస్తే, పుస్తకాన్ని ఆయన ఇంటివాళ్లే నమ్మరు.

(ఉ) చదివి వినిపించడం: ప్రతి అధ్యాయాన్నీ బిగ్గరగా చదివి వినిపించాలి. “ఇది నేను అనను” అన్న చోట దిద్దాలి. “అవును, ఇట్లాగే జరిగింది” అన్న చోట వదిలేయాలి.

7.6 రుసుము లెక్క

రుసుము ఎంత అడగాలో తెలియక తక్కువకు ఒప్పుకోవడం కొత్తవారిలో తరచుగా కనిపిస్తుంది. కింది ఉదాహరణ ఊహాత్మకం. అంకెలను మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి.

పుస్తకం 180 పేజీలు, పేజీకి 200 మాటలు అనుకుందాం. మొత్తం 36,000 మాటలు.

- సంభాషణలు: 18 గంటలు
- లిపిబద్ధం చేయడం (18 × 4): 72 గంటలు
- తొలి ప్రతి (గంటకు 200 మాటల చొప్పున): 180 గంటలు
- రెండు విడతల సవరణ: 60 గంటలు
- సరిచూడటం, ప్రయాణాలు: 30 గంటలు
- మొత్తం: 360 గంటలు

రోజుకు 6 గంటల చొప్పున ఇది 60 పనిదినాలు. రుసుము 60,000 రూపాయలు అనుకుందాం. ఒకేసారి వింటే పెద్ద మొత్తంలా తోస్తుంది. ప్రయాణాలకు, ప్రింట్లకు 6,000 పోతే మిగిలేది 54,000. గంటకు 150 రూపాయలు, రోజుకు 900. ఇప్పుడు ఆ పెద్దమనిషి కుమారుడు ప్రతి చదివి, “మొత్తం మళ్లీ రాయండి” అన్నాడనుకోండి. మరో 90 గంటలు కలిస్తే మొత్తం 450 గంటలు. గంట వెల 120కి పడిపోతుంది. సవరణలు ఎన్నిసార్లు అన్నది ఒప్పందంలో రాసుకోవలసిన అవసరం ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

పన్నుల విషయం కూడా గుర్తుంచుకోవాలి. సంస్థలు వృత్తి సేవల రుసుము చెల్లించేటప్పుడు, నిర్ణీత పరిమితి దాటితే, సాధారణంగా 10 శాతం పన్నును మూలంలోనే మినహాయిస్తాయి. పాన్ ఇవ్వకపోతే మినహాయింపు 20 శాతం అవుతుంది. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే, రిటర్ను దాఖలు చేసి ఆ మొత్తాన్ని తిరిగి పొందవచ్చు.

7.7 చట్టం ఏమంటుంది?

డబ్బు ఇచ్చి రాయించుకుంటే హక్కు తనదే అవుతుందని చాలామంది అనుకుంటారు. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం సాహిత్య కృతికి మొదటి హక్కుదారు దాని కర్త. ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది. స్వతంత్రంగా రుసుముకు రాస్తే మాత్రం, బదిలీ చేసేదాకా హక్కు రాసినవారిదే.

“కథ నాది కదా, కర్తను నేనే కదా?” అన్న ప్రశ్న సహజం. 1930ల చివర ఇంగ్లండులో ఇదే ప్రశ్న తలెత్తింది. స్టీవ్ డొనహ్యూ అనే గుర్రపు పందాల జాకీ తన అనుభవాలు చెబితే, ఒక పత్రికా రచయిత వాటిని వ్యాసాలుగా రాశాడు. తరువాత ఆ రచయిత అదే సామగ్రిని మరొక పత్రికకు ఇవ్వబోతే జాకీ కోర్టుకు వెళ్లాడు. సంగతులు జాకీవే అయినా, వాటికి భాషారూపం ఇచ్చినవాడే కర్త అని కోర్టు తేల్చింది. కాపీరైట్ రక్షించేది భావాన్ని కాదు, దాని వ్యక్తీకరణను.

ప్రసంగాల విషయంలో మన చట్టం వేరుగా ఉంది. బహిరంగంగా చేసిన ప్రసంగానికి మొదటి హక్కుదారు ప్రసంగించిన వ్యక్తి. ఆ వ్యక్తి మరొకరి తరఫున ప్రసంగిస్తే హక్కు ఆ మరొకరిది. కాబట్టి ప్రసంగ రచయితలు రుసుము ముందే తీసుకోవడం మేలు.

18, 19 సెక్షన్లు హక్కు బదిలీ గురించి చెబుతాయి. బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి, బదిలీ చేసేవారి సంతకం ఉండాలి. కాలం పేర్కొనకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. 57వ సెక్షన్ కర్తకు ప్రత్యేక హక్కులను ఇస్తుంది. ఆర్థిక హక్కులు బదిలీ అయినా, కృతి తనదని చెప్పుకొనే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకొనే హక్కు కర్తకు ఉంటాయి. ఘోస్ట్ రైటర్ ఆచరణలో ఈ మొదటి హక్కును వాడనని మాట ఇస్తాడు. ఇచ్చే మాట విలువైనది కాబట్టి దానికి వెల ఉండాలి.

సినిమా రచయితలకు మరొక అంశం ముఖ్యం. 2012 సవరణ ప్రకారం, సినిమాలో చేరిన సాహిత్య కృతిని థియేటర్ ప్రదర్శనకు కాక ఇతరత్రా వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో కర్తకు సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకోవడానికి వీల్లేదు. పేరూ లేక, రాసినట్టు రుజువూ లేకపోతే ఆ వాటాను అడిగే మార్గం మూసుకుపోతుంది.

7.8 ఒప్పంద పత్రంలో ఉండవలసినవి

1. పని పరిధి: పేజీలు, గడువు, సంభాషణల సంఖ్య, సవరణల సంఖ్య.
2. వాయిదాలు: ఉదాహరణకు ఒప్పందం రోజున 25 శాతం, మూడు అధ్యాయాల తరువాత 25, తొలి ప్రతికి 30, తుది ప్రతికి 20.
3. హక్కు బదిలీ: చివరి వాయిదా అందిన తరువాతనే అమలులోకి వస్తుందన్న వాక్యం తప్పనిసరి.
4. పేరు: ముఖచిత్రం మీదనా, కృతజ్ఞతల్లోనా, ఎక్కడా ఉండదా?
5. గోప్యత: ఏది బయట పెట్టకూడదు, ఎంతకాలం? భవిష్యత్తులో పని కోసం ఒకరిద్దరికి చూపుకొనే అనుమతి అడగవచ్చు.
6. బాధ్యత: చెప్పిన సంగతుల నిజానిజాలకు చెప్పినవారిదే బాధ్యత. ఇతరుల పరువుకు నష్టం కలిగించే రాతల వల్ల వ్యాజ్యం వస్తే ఖర్చు ఎవరిది?
7. మధ్యలో ఆగితే: ఆరోగ్యం, మరణం, అభిప్రాయభేదం వల్ల పని ఆగితే అప్పటిదాకా చేసినదానికి చెల్లింపు.

“పెద్దమనుషుల మధ్య కాగితాలెందుకు?” అన్న మాట మీకు తప్పక వినిపిస్తుంది. పెద్దమనుషుల మధ్య కాగితం ఉంటే పెద్దరికం నిలబడుతుందని వినయంగా చెప్పండి.

7.9 ఒప్పుకోకూడని పని

ఒక పనిని ఒప్పుకోవచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రచనను చూసేవారు దేన్ని నమ్ముతున్నారు? నాయకుడి ప్రసంగం వినేవారు అందులోని విధానాన్ని, హామీని చూస్తారు. వాక్యాలను ఆయనే కూర్చారా అన్నది వారికి ముఖ్యం కాదు. ఆత్మకథ చదివేవారు జీవితం నిజమా కాదా అని చూస్తారు. సిద్ధాంత వ్యాసం సంగతి వేరు. అక్కడ విశ్వవిద్యాలయం పరీక్షించేది అభ్యర్థి సామర్థ్యాన్నే. అది వేరొకరిది అయితే పట్టాకు అర్థం లేదు.

పరిశోధక విద్యార్థులకు సిద్ధాంత వ్యాసాలు, ప్రాజెక్టు నివేదికలు రాసిచ్చే పని మార్కెట్లో దొరుకుతుంది, డబ్బూ త్వరగా వస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసం తానే తయారు చేశానని విద్యార్థి హామీపత్రం ఇవ్వాలి. పోలికల శాతాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ కొత్తగా రాయించుకున్న వ్యాసాన్ని పట్టుకోలేకపోవచ్చు. అయినంత మాత్రాన ఆ హామీపత్రం నిజం కాదు. ఇంగ్లండులో 2022 నుంచి విద్యార్థుల అసైన్‌మెంట్లు రాసి అమ్మడం నేరం. మన దేశంలోనూ కాంట్రాక్టు చట్టం, 1872లోని 23వ సెక్షన్ చట్టవిరుద్ధమైన లేదా ప్రజాహితానికి విరుద్ధమైన లక్ష్యంతో చేసుకున్న ఒప్పందం చెల్లదంటుంది. అంటే అటువంటి పనికి డబ్బు ఎగవేస్తే, అడగడానికి గట్టి ఆధారం కూడా ఉండదు.

మౌఖిక పరీక్షలు నిర్వహించినవారికి తెలిసిన విషయం ఒకటుంది. తాను రాయని వ్యాసాన్ని సమర్థించుకోవలసిన అభ్యర్థి రెండో ప్రశ్నకే తడబడతాడు. అధ్యాపకుడిగా అతను తరగతిలో నిలబడ్డాక నష్టపోయేది అతనొక్కడే కాదు, ఎదుట కూర్చున్న పిల్లలు. మీరు రాసిచ్చిన పేజీలు అంత దూరం వెళతాయి.

ఇదే కొలతతో మిగతావాటినీ చూడవచ్చు. వాడని వస్తువు మీద వాడినట్టు సమీక్షలు, రోగి కానివారి పేరుతో చికిత్సానుభవాలు, వైద్యుడు చూడని వైద్య వ్యాసాలు ఒప్పుకోకూడని పనులే.

7.10 సారాంశం

ఘోస్ట్ రైటింగ్ ఒకరి సంగతులకు వారి సమ్మతితో మరొకరు భాషారూపం ఇచ్చే వృత్తి. వినడం, లిపిబద్ధం చేయడం, సరిచూడటం, గొంతు పట్టుకోవడం, చదివి వినిపించడం దీనిలోని దశలు. రుసుమును గంటల్లోకి మార్చి చూసుకున్నాకే ఒప్పుకోవాలి. స్వతంత్రంగా రాసినప్పుడు మొదటి హక్కు రాసినవారిదే కాబట్టి, బదిలీని చివరి చెల్లింపుతో ముడిపెట్టాలి. రచయిత సామర్థ్యాన్నో, అనుభవాన్నో నమ్మి చదివే చోట పేరు మార్చి రాయడం మోసం అవుతుంది.

7.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లేఖకుడికీ, ఘోస్ట్ రైటర్‌కూ తేడా ఏమిటి? మీ ప్రాంతం నుంచి ఒక్కో ఉదాహరణ ఇవ్వండి.
2. 120 పేజీల జీవితకథకు 7.6లోని పద్ధతిలో గంటల లెక్క వేయండి. గంటకు 200 రూపాయలు మిగలాలంటే, ఖర్చులు 5,000 అనుకొని, ఎంత రుసుము అడగాలి?
3. ఒక వ్యాపారి మీచేత పుస్తకం రాయించుకొని, సగం డబ్బే ఇచ్చి, అచ్చువేయించాడు. రాతపూర్వక బదిలీ లేదు. కాపీరైట్ చట్టం ప్రకారం మీ స్థానం ఏమిటి?
4. మీ ఇంట్లో లేదా వీధిలో ఉన్న ఒక పెద్దవారితో అనుమతి తీసుకొని అరగంట మాట్లాడి, వారి గొంతులో రెండు పేజీలు రాయండి. వారికి చదివి వినిపించి, వారు దిద్దించిన చోట్లను గుర్తించండి.